నాగార్జునకొండ లోయ: ఆనకట్ట, తవ్వకం, నమోదు

కృష్ణానది నల్లమల కొండల నుంచి బయటపడి పల్నాటి మైదానం వైపు సాగే చోట, కుడి గట్టున, మూడు వైపులా కొండలు, పడమట నది హద్దుగా సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయ ఒకటి ఉండేది. క్రీ.శ. 3వ శతాబ్దంలో శాతవాహనుల అనంతరం తలెత్తి, సుమారు నూరేళ్లపాటు కృష్ణా తీరాన్ని ఏలిన ఇక్ష్వాకులు తమ రాజధాని విజయపురిని ఆ లోయలోనే నిర్మించుకున్నారు. ఇప్పుడు అక్కడ నాగార్జునసాగర్ జలాశయం ఉంది. నాగార్జునకొండ శిఖరం ఒక్కటే ద్వీపంగా మిగిలి, దానిపై ఒక మ్యూజియం, కింది నుంచి తెచ్చి తిరిగి కట్టిన కొన్ని పురాతన కట్టడాలు నిలిచి ఉన్నాయి.

ఈ మార్పు జరిగిన తీరు మూడు విద్యలకు సంబంధించినది. నదికి అడ్డుకట్ట వేసినది ఇంజనీరింగు. ముంపుకు ముందు లోయను తవ్వి చూసినది పురావస్తు శాస్త్రం. తవ్వినదాన్ని కొలిచి, సంఖ్య వేసి, అచ్చు తీసి, వర్గీకరించి, తరువాతి వారు వెతికి తీసుకునేలా అమర్చవలసిన పని నేడు సమాచార శాస్త్రమని పిలుస్తున్న విద్యది. మొదటి రెండింటికీ గడువులు ఉన్నాయి, అవి ఆ గడువులకు కట్టుబడి పనిచేశాయి. మూడవదానికి మాత్రం ఎవరూ గడువు పెట్టలేదు. నాగార్జునకొండ పరిశోధన చరిత్రలో సాధించినదీ జారవిడిచినదీ చాలావరకు ఈ తేడా నుంచే పుట్టాయి.

లోయ వెలుగులోకి వచ్చిన క్రమం

1926 వరకు ఈ లోయ విద్వల్లోకానికి తెలియదు. మాచర్ల నుంచి కొండదారిన చేరవలసిన ఈ ప్రాంతంలో పుల్లారెడ్డిగూడెం వంటి చిన్న పల్లెలు మాత్రమే ఉండేవి. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడ ఒక ప్రాచీన స్తంభాన్ని గమనించి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేయగా, మద్రాసులోని శాసన పరిశోధన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి 1926లో స్థలాన్ని పరిశీలించి దాని ప్రాముఖ్యాన్ని గుర్తించారు. అదే సంవత్సరం ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయ్ కూడా లోయకు వచ్చి కొన్ని అవశేషాలను కనుగొన్నారు. 1927 నుంచి 1931 వరకు పురావస్తు శాఖ దక్షిణ విభాగపు అధికారి ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ నాయకత్వంలో మొదటి క్రమబద్ధమైన తవ్వకాలు జరిగాయి.

లాంగ్‌హర్స్ట్ దృష్టి ప్రధానంగా బౌద్ధ కట్టడాలపైనా శిల్పాలపైనా నిలిచింది. ఆయన మహాచైత్యాన్ని, అంటే లోయలోని అతిపెద్ద స్తూపాన్ని తవ్వినప్పుడు దాని లోపలి అరల్లో ఒకదానిలో చిన్న బంగారు భరిణె, దాన్ని ఇముడ్చుకున్న స్తూపాకారపు వెండి పేటిక, భరిణెలో ఒక ఎముక తునక దొరికాయి. స్తూపం చుట్టూ నిలిపిన స్తంభాలపై ఉన్న ప్రాకృత శాసనాలను డచ్చి పండితుడు జె.పి.హెచ్. ఫోగెల్ చదివి 'ఎపిగ్రాఫియా ఇండికా' సంపుటాల్లో ప్రకటించారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో, ఆయన మేనత్త చాంతిసిరి ఈ మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించిందని ఆ శాసనాల వల్లనే తెలిసింది. 1938లో టి.ఎన్. రామచంద్రన్ తిరిగి తవ్వకాలు చేపట్టి మరికొన్ని విహారాలను వెలికితీశారు.

ఈ రెండు దశల తరువాత పండితుల మనసులో ఏర్పడిన చిత్రం ఒక బౌద్ధక్షేత్రానిది. స్తూపాలు, విహారాలు, చైత్యగృహాలు తెలిశాయి, రాజధాని తెలియలేదు. కోట ఎక్కడ, వీధులు ఎక్కడ, బౌద్ధేతర దేవాలయాలు ఉన్నాయా, ఇక్ష్వాకులకు ముందు ఇక్కడ ఎవరు నివసించారు అన్న ప్రశ్నలు అప్పటికి అడగబడలేదు. కట్టడాన్ని వెలికితీయడమే తవ్వకానికి పరమార్థమని భావించిన రోజుల్లో, మట్టి పొరల వరుసను గుర్తించి ఏ వస్తువు ఏ పొరలో దొరికిందో రాసుకోవడం ఇంకా ఆచారం కాలేదు.

ఆనకట్ట నిర్ణయం

ఈ లోయకు దిగువన, కృష్ణానదిపై నందికొండ వద్ద ఆనకట్ట కట్టాలన్న ఆలోచన స్వాతంత్ర్యానికి ముందు నుంచే ఉంది. అప్పట్లో నదికి ఎడమ గట్టు నిజాం హైదరాబాదు సంస్థానానిది, కుడి గట్టు మద్రాసు ప్రెసిడెన్సీది. కృష్ణ నీటిని ఎగువన మళ్లించి పెన్నా పరీవాహకానికి, అటు నుంచి మద్రాసుకు తీసుకుపోవాలన్న ప్రతిపాదన తీరాంధ్ర ప్రాంతంలో ఆందోళన కలిగించగా, ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ నందికొండ స్థలానికి మద్దతు కూడగట్టడంలో ముందు నిలిచారు. 1952లో ఖోస్లా కమిటీ ఈ స్థలాన్ని పరిశీలించి అనుకూలంగా నివేదించింది. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసే నాటికి ఆంధ్రరాష్ట్రం, హైదరాబాదు రాష్ట్రం ఇంకా వేర్వేరుగానే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ అవతరణ ఆ తరువాత దాదాపు ఏడాదికి జరిగింది.

ఇంజనీర్లు ఎంచుకున్నది కాంక్రీటు కట్టడం కాదు, రాతి కట్టడం. సిమెంటు, భారీ యంత్రాలు కొరతగానూ, రాయి, కూలిజనం సమృద్ధిగానూ ఉన్న కాలంలో ఆ ఎంపికకు ఆర్థిక కారణం స్పష్టమే. పునాది నుంచి సుమారు 124 మీటర్ల ఎత్తున, 26 గేట్లతో, రెండు పక్కలా మట్టికట్టలతో లేచిన ఈ ఆనకట్ట ప్రపంచంలోని రాతి ఆనకట్టల్లో అత్యున్నతమైనదిగా పేరుపొందింది. జలాశయపు పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులని నిర్ణయించారు. పురావస్తు శాస్త్రజ్ఞుల పనికి హద్దు గీసినది కూడా ఈ అంకెయే: పటంపై 590 అడుగుల రేఖకు దిగువన ఉన్నదంతా మునిగేది, ఎగువన ఉన్నది మిగిలేది. తరలించిన కట్టడాలకు చోటు ఎక్కడ దొరుకుతుందో, ఏది తరలించక తప్పదో ఆ రేఖే తేల్చింది.

ఆరేళ్ల తవ్వకం

1954లో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఈ లోయకే ప్రత్యేకంగా ఒక తవ్వకపు పథకాన్ని ఏర్పాటు చేసింది. సంస్థకు అప్పుడు అమలానంద ఘోష్ డైరెక్టర్ జనరల్. లోయలో పనికి ఆర్. సుబ్రహ్మణ్యం నాయకుడు. 1960 వరకు సాగిన ఈ పని స్వభావంలోనే మునుపటి వాటికి భిన్నమైనది. ముంపుకు గురయ్యే స్థలంలో ప్రాచీన అవశేషాలను ముందుగా తవ్వి నమోదు చేయడాన్ని పరిరక్షక తవ్వకం అంటారు. సాధారణ పరిశోధనలో శాస్త్రజ్ఞుడు తన ప్రశ్నకు అనువైన దిబ్బను ఎంచుకుని కొంత తవ్వి, మిగిలినది రాబోయే తరాలకు వదిలిపెడతాడు. ఇక్కడ వదిలిపెట్టడానికి రాబోయే తరం లేదు కనుక లోయ మొత్తాన్నీ ఒకే పరిశోధనా క్షేత్రంగా తీసుకోక తప్పలేదు.

1940ల మధ్యలో మార్టిమర్ వీలర్ భారతదేశంలో ప్రవేశపెట్టిన పద్ధతి ఈ పనికి ఆధారమైంది. నేలను సమాన చతురస్రాలుగా విభజించి, చతురస్రాల మధ్య కొంత మట్టిని తవ్వకుండా గట్లుగా వదిలి, ఆ గట్ల పక్కగోడల్లో కనిపించే పొరల వరుసను గీసుకుంటూ దిగడం ఆ పద్ధతి సారాంశం. ఏ వస్తువు ఏ చతురస్రంలో, ఏ పొరలో, ఎంత లోతున దొరికిందో రాసి ఉంటే, వస్తువు మ్యూజియానికి చేరినా దాని స్థానం కాగితంపై భద్రంగా ఉంటుంది. లోయలో వందకు పైగా స్థలాలను గుర్తించి, ప్రతిదానికీ ఒక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య కిందే పటాలు, ఛాయాచిత్రాలు, వస్తువుల జాబితాలు చేర్చారు. నేటికీ నాగార్జునకొండ గురించి రాసే పండితులు కట్టడాలను ఆ సంఖ్యలతోనే ప్రస్తావిస్తారు. స్థలం నీటి కిందికి పోయాక ఆ సంఖ్యే దాని చిరునామా అయింది.

ఈ సమగ్ర దృష్టి లోయ చిత్రాన్ని పూర్తిగా మార్చివేసింది. ప్రాచీన శిలాయుగపు రాతి పనిముట్లు, నవీన శిలాయుగపు నివాసాలు, పెద్ద రాళ్లను వలయంగా పేర్చిన ఇనుపయుగపు సమాధులు బయటపడి, ఇక్ష్వాకులకు ఎన్నో వేల ఏళ్ల ముందు నుంచి మనుషులు ఇక్కడ మసలినట్లు తేలింది. మొరపు మట్టితో ఒకసారి, కాల్చిన ఇటుకలతో మరొకసారి కట్టిన కోటగోడ, దాని వెలుపలి కందకం, కోట లోపల తాబేలు ఆకారపు తొట్టి, నివాసగృహాలు, కృష్ణ ఒడ్డున రాతిమెట్ల స్నానఘట్టం వెలుగు చూశాయి. ఇక్ష్వాకు రాజు మొదటి శాంతమూలుడు అశ్వమేధం చేశాడని శాసనాలు చెబుతుండగా, ఆ తొట్టి యాగాంత స్నానానికి ఉద్దేశించినదని తవ్వినవారు భావించారు. అదే వంశపు రాజు ఎహువల శాంతమూలుని కాలానికి చెందిన సర్వదేవాలయం, పుష్పభద్రస్వామి ఆలయం, కార్తికేయుని ఆలయాలు, అభీర వసుసేనుని నాటి శాసనం ఉన్న అష్టభుజస్వామి ఆలయం బయటపడటంతో, అంతకుముందు బౌద్ధక్షేత్రంగా మాత్రమే తెలిసిన చోటు పలు మతాలు పక్కపక్కన వర్ధిల్లిన రాజధానిగా రూపుదిద్దుకుంది. ముంపు అనే ముప్పు లేకపోతే ఒక లోయను ఇంత విస్తారంగా తవ్వడానికి డబ్బు గానీ మనుషులు గానీ సమకూడేవారు కారన్నది కాదనలేని సంగతి.

నదికి అవతలి గట్టున, నల్లగొండ జిల్లాలోని ఏలేశ్వరం కూడా ఇదే జలాశయంలో మునగవలసిన ప్రాచీన స్థలం. అక్కడ రాష్ట్ర పురావస్తు శాఖ అధిపతి మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపి, 1963లో వాటి నివేదికను ప్రచురించారు. నది రెండు గట్ల నమోదులనూ కలిపి చదివినప్పుడే ముంపు ప్రాంతపు చరిత్ర సంపూర్ణమవుతుంది.

ఇక్ష్వాకుల నిర్మాణ విద్య

తవ్వకాలు ఆధునిక ఇంజనీర్లకు ప్రాచీన నిర్మాతల పనితనాన్ని కూడా పరిచయం చేశాయి. మహాచైత్యం వ్యాసం 106 అడుగులు. పైకి నునుపైన గుమ్మటంగా కనిపించే ఆ కట్టడం లోపల బండిచక్రం వంటి అమరిక ఉంది: నడుమ కుంభం, దాని నుంచి బయలుదేరే ఆకుల వంటి అడ్డుగోడలు, వాటిని కలిపే వలయాకారపు గోడలు. గోడల మధ్య ఏర్పడిన అరలను మట్టితో దట్టంగా నింపారు. ఇంత పెద్ద గుమ్మటాన్ని పూర్తిగా ఇటుకతో నింపడం ఖర్చుతో కూడిన పని. వట్టి మట్టితో పోసి పైన ఇటుక తొడిగితే వానకు నానిన మట్టి బయటికి తోసుకువచ్చి తొడుగు పగులుతుంది. అడ్డుగోడలు ఆ తోపును అరలవారీగా పంచుకుని నిలువరిస్తాయి. సుమారు 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న పెద్ద ఇటుకలు ఇందుకు అనువుగా ఉండేవి. కొన్ని చిన్న స్తూపాల్లో ఆకుల స్థానంలో స్వస్తిక ఆకారపు గోడలు కనిపించాయి.

స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చిన వేదికలను ఆయకాలు అంటారు. ఒక్కొక్క వేదికపై అయిదేసి స్తంభాలు నిలపడం కృష్ణాలోయ స్తూపాల ప్రత్యేకత. అమరావతిలో పాలరాయిగా పొరబడే పల్నాటి సున్నపురాయి ఇక్కడా శిల్పాలకు, స్తంభాలకు, నేలపలకలకు వాడబడింది. లోయలోని మరో విశిష్ట కట్టడం దీర్ఘచతురస్రాకారపు రంగస్థలం, దాని చుట్టూ ప్రేక్షకులు కూర్చునే మెట్ల వరుసలు. ప్రాచీన భారతదేశంలో ఇటువంటి కట్టడం అరుదు కనుక అది వినోదశాలయా, మల్లయుద్ధాలకు ఉద్దేశించినదా, నాటకశాలయా అన్నదానిపై పండితుల్లో చర్చ సాగింది.

తరలింపు

మునిగిపోయే కట్టడాలన్నింటినీ తరలించడం సాధ్యం కాదు. కాబట్టి ప్రతి తరహాకూ ప్రతినిధిగా నిలిచే వాటిని ఎంచుకుని, కొన్నింటిని అసలు ఇటుకలతోను రాళ్లతోను కొండపైనా, కుడి గట్టున ఉన్న అనుపులోనూ తిరిగి కట్టారు. మరికొన్నింటికి చిన్న పరిమాణంలో ప్రతిరూపాలు చేశారు. మహాచైత్యం, స్నానఘట్టం వంటివి కొండ మీదికి చేరగా, రంగస్థలం, హారీతి ఆలయం, ఒక విహార సముదాయం అనుపులో నిలిచాయి. బౌద్ధ విహారపు తీరున కట్టిన మ్యూజియం 1966లో ప్రారంభమైంది. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువల్లోకి నీరు వదిలారు.

తరలింపులో ఇంజనీరింగుకూ పురావస్తు శాస్త్రానికీ మధ్య ఒక మౌలికమైన ఘర్షణ ఉంది. కట్టడాన్ని విడదీయగానే అది నిలిచిన పునాది, దాని కిందున్న పొరలు, పక్క కట్టడాలతో దానికి ఉన్న దిశాసంబంధం, నది నుంచి దూరం అన్నీ తెగిపోతాయి. తిరిగి కట్టినది ఆకృతిని కాపాడుతుంది, సందర్భాన్ని కాపాడలేదు. స్నానఘట్టం నది ఒడ్డున ఉన్నప్పుడు నగరానికీ నదికీ ఉన్న సంబంధాన్ని చెబుతుంది. శిఖరంపై అది మెట్ల నిర్మాణపు నమూనా మాత్రమే. అందుచేత ద్వీపాన్ని చూసినవారికి దొరికేది విజయపురిలో ఒక భాగం. పూర్తి విజయపురి పటాల్లోనూ నివేదికల్లోనూ ఉంది.

ఇదే కాలంలో ఈజిప్టులో అస్వాన్ ఎత్తైన ఆనకట్ట వల్ల నూబియా ప్రాచీన ఆలయాలు మునగబోతుండగా, 1960 మార్చి 8న యునెస్కో ప్రపంచ దేశాలకు విజ్ఞప్తి చేసింది. అబూ సింబెల్ ఆలయాలను 1964, 1968 సంవత్సరాల మధ్య దిమ్మలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తుకు, 200 మీటర్ల వెనక్కి తరలించారు. ఆ విజ్ఞప్తి వెలువడే నాటికి నాగార్జునకొండలో ఆరేళ్ల తవ్వకం ముగింపు దశకు చేరింది. యునెస్కో పిలుపుకు స్పందించి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 1961, 1962లలో బి.బి. లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని నూబియాలోని అఫియే వద్ద తవ్వకాలకు పంపింది. అంతర్జాతీయ స్థాయిలో పరిరక్షక తవ్వకానికి పేరు రాకముందే భారతీయ శాస్త్రజ్ఞులు కృష్ణాతీరంలో దాన్ని స్వంత వనరులతో సాధన చేశారు. తరువాతి దశాబ్దాల్లో శ్రీశైలం జలాశయపు ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపూరుకు తరలించడానికి ఈ అనుభవం పూర్వరంగమైంది.

నివేదికల జాప్యం

తవ్వకం ఒక రకమైన వినాశనమని పురావస్తు శాస్త్రం మొదటి పాఠంగా బోధిస్తుంది. ఒకసారి తవ్విన పొరను తిరిగి తవ్వలేము. ఆ నష్టాన్ని పూడ్చేది నివేదిక ఒక్కటే. నాగార్జునకొండలో మట్టి తవ్వకంతోనూ స్థలం ముంపుతోనూ రెండుసార్లు పోయింది కనుక ఇక్కడ నివేదికకు ఉన్న విలువ మరే స్థలంలోకన్నా ఎక్కువ. అయినా ప్రచురణ క్రమం చూస్తే వ్యత్యాసం కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. 1931లో ముగిసిన లాంగ్‌హర్స్ట్ తవ్వకాల నివేదిక 1938లో వచ్చింది. రామచంద్రన్ 1938లో చేసిన పని 1953లో అచ్చయింది. 1954, 1960 సంవత్సరాల మధ్య జరిగిన మహత్తర తవ్వకం తాలూకు మొదటి సంపుటం 1975లో వెలువడి, ప్రధానంగా చరిత్ర పూర్వయుగాలను వివరించింది. ఇక్ష్వాకు నగరాన్ని వివరించే రెండవ సంపుటం కె.వి. సౌందరరాజన్ సంపాదకత్వంలో 2006లో గానీ రాలేదు. అంటే ఆరేళ్లలో తవ్విన రాజధాని పూర్తి వివరణకు మరో నలభై ఆరేళ్లు పట్టింది.

ఆ నడిమి కాలంలో పరిశోధన పూర్తిగా నిలిచిపోలేదు. సంస్థ ఏటా వెలువరించే సమీక్షా సంచికల్లో తవ్వకాల సారాంశాలు వచ్చాయి. తవ్వకాల్లో పాల్గొన్న హెచ్. సర్కార్, బి.ఎన్. మిశ్రా రాసిన మార్గదర్శక గ్రంథం సందర్శకులకూ విద్యార్థులకూ ఆధారమైంది. తొలి బౌద్ధ వాస్తువుపై సర్కార్ 1966లో ప్రచురించిన గ్రంథం, నాగార్జునకొండ నమోదుల నుంచి ఏమి రాబట్టవచ్చో చూపిన చక్కని ఉదాహరణ. లోయలోని విహారాలు ఒకే శాఖకు చెందినవి కావు. అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళ భిక్షువులు వేర్వేరు చోట్ల ఉండేవారని శాసనాలు చెబుతాయి. శాసనం ఏ స్థలంలో దొరికిందో, ఆ స్థలపు నేలపటంలో స్తూపం, చైత్యగృహం, బుద్ధ ప్రతిమ ఎలా అమరి ఉన్నాయో కలిపి చూస్తే, ఏ శాఖ ప్రతిమారాధనను ముందుగా అంగీకరించింది, ఏది స్తూపారాధనకే ప్రాధాన్యం ఇచ్చింది అన్నది పరిశీలించడం వీలవుతుంది. వాస్తుపటం, శాసనపాఠం, దొరికిన చోటు అనే మూడు నమోదులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండబట్టే ఆ వాదం నిలబడింది. మూడింటిలో ఏ ఒక్కటి జారినా అది ఊహగానంగా మిగిలేది.

గడువు వల్ల నమోదుకు ఎక్కని విషయాలు కూడా ఉన్నాయి. తవ్విన మట్టిని నీటిలో కలిపి తేలిన గింజలను, బొగ్గుతునకలను వేరుచేసి ప్రాచీన పంటలను గుర్తించే పద్ధతి అప్పటికి ప్రపంచంలోనే వాడుకలోకి రాలేదు. కర్బన పదార్థాల వయసు తేల్చే రేడియోకార్బన్ ప్రయోగశాల బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో 1960ల తొలి సంవత్సరాల్లో ఏర్పడింది. అప్పటికి లోయలో పని ముగిసింది. మరో పదేళ్లు ఆగి ఉంటే విజయపురి ప్రజలు ఏమి పండించారో, ఏమి తిన్నారో చెప్పే సాక్ష్యం దక్కేది. ఆనాటి శాస్త్రజ్ఞుల లోపం కాదిది. పరిశోధకుడు తన కాలపు ప్రశ్నలనే అడగగలడు. తవ్వని భాగాన్ని కొంత మిగల్చడం ఎందుకు అవసరమో, అది వీలుకాని చోట మట్టి నమూనాలను దాచడం ఎంత ముఖ్యమో ఈ అనుభవం చెబుతుంది. పురావస్తు బృందానికి అప్పగించినది ప్రాచీన యుగాల పని మాత్రమే కాబట్టి, అదే ముంపుతో ఇళ్లూ పొలాలూ వదిలిపోయిన లోయ పల్లెల వారి జీవనం ఆ నివేదికల పరిధిలోకి రాలేదన్నదీ గుర్తుంచుకోవలసిన పరిమితి.

శాసనాలు: కాగితం నుంచి కంప్యూటరు దాకా

లోయ సాక్ష్యంలో అన్నిటికన్నా బాగా ప్రయాణించినవి శాసనాలు. దీనికి కారణం శాసన పరిశోధనలో నూరేళ్లకు పైగా స్థిరపడిన నకలు పద్ధతి. తడిపిన కాగితాన్ని రాతిపై పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా కుంచెతో కొట్టి, ఆరుతుండగా పైన సిరా అద్దితే, గుంటలు తెల్లగా, మిగిలిన భాగం నల్లగా అచ్చు దిగుతుంది. రాయి మునిగినా, పగిలినా, మరో ఊరి మ్యూజియానికి పోయినా ఆ కాగితం చదవడానికి పనికివస్తుంది. ఉదకమండలం మీదుగా మైసూరు చేరిన శాసన పరిశోధన విభాగం ఇటువంటి కాగితాలకు నిలయం.

అచ్చు తరువాతి మెట్టు పాఠం. నాగార్జునకొండ శాసనాలు ఎక్కువగా ప్రాకృతంలో, పొడవైన వంపుల అలంకారంతో సాగే బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. ఎహువల శాంతమూలుని కాలం నాటికి సంస్కృత శాసనాలు కనిపిస్తాయి. ఫోగెల్ పాఠాలను తరువాత డి.సి. సర్కార్ తదితరులు సవరిస్తూ, కొత్తగా దొరికినవాటిని చేరుస్తూ వచ్చారు. ఫలితంగా ఒకే శాసనానికి వేర్వేరు సంపుటాల్లో వేర్వేరు పాఠాలు ఏర్పడ్డాయి. బోధిసిరి అనే ఉపాసిక చుళధమ్మగిరిపై చైత్యగృహం కట్టించినప్పటి శాసనం కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, యవన, ద్రమిళ, తామ్రపర్ణి తదితర దేశాలను పేర్కొంటుంది. ఇటువంటి శాసనంలో ఒక అక్షరం చదివే తీరు మారినా ఒక దేశపు గుర్తింపు మారవచ్చు. కాబట్టి ఏ అక్షరం స్పష్టంగా ఉంది, ఏది అస్పష్టం, ఏది పండితుడు పూరించినది అన్న తేడా చదువరికి తెలియడం అవసరం.

ఈ అవసరాన్ని తీర్చడానికి ఫ్రెంచి దూరప్రాచ్య విద్యా సంస్థకు చెందిన ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ టూర్నియే తదితర పండితులు ఆంధ్రదేశపు తొలి శాసనాలకు డిజిటల్ సంహితను రూపొందించారు. ఇందులో వాడిన ఎపిడాక్ అనే గుర్తుల పద్ధతిలో, విరిగిపోయిన అక్షరం, సందేహాస్పదమైన అక్షరం, సంపాదకుడు ఊహించి చేర్చిన అక్షరం ఒక్కొక్కదానికీ కంప్యూటరు గుర్తుపట్టగల వేర్వేరు సంకేతాలు ఉంటాయి. ప్రతి శాసనానికీ ఒక స్థిరమైన సంఖ్య, దొరికిన చోటు, మునుపటి ప్రచురణల వివరం, అనువాదం జతపడి ఉంటాయి. దాతల పేర్లను, శాఖల పేర్లను, ఊర్ల పేర్లను సంహిత అంతటా ఒక్కసారిగా వెతకవచ్చు. ఇక్ష్వాకు రాజులు వైదిక యాగాలు చేస్తుండగా వారి ఇంటి స్త్రీలు బౌద్ధ సంఘానికి విరివిగా దానాలు ఇచ్చారన్నది ఫోగెల్ కాలం నుంచే తెలిసిన విషయమైనా, ఏ స్త్రీ, ఏ ఏట, ఏ స్థలంలో, ఏ శాఖకు ఇచ్చిందన్నది అమరావతి, జగ్గయ్యపేట, ఘంటసాల శాసనాలతో పోల్చి పరిశీలించడం ఇటువంటి సంహిత వల్ల సులభమైంది. ఈ కొత్త పని అంతా ఆధారపడినది పాత నమోదుపైనే. దొరికిన చోటు రాసి ఉన్న శాసనం సంహితలో కట్టడంతో, శాఖతో, పటంతో ముడిపడుతుంది. రాసి లేనిది ఎంత చక్కగా సంకేతీకరించినా వట్టి పాఠంగానే మిగులుతుంది.

గడువు లేని పని

ఆనకట్టకు గడువు ఉండటానికి కారణం దాని కింద ఎదురుచూసే ఆయకట్టు. కుడి వైపు జవహర్ కాలువ, ఎడమ వైపు లాల్ బహదూర్ కాలువ పల్నాడు, ప్రకాశం, నల్లగొండ, ఖమ్మం ప్రాంతాల మెట్టభూములకు నీరు అందించవలసి ఉంది. ఏడాది ఆలస్యమైతే అడిగేవారు లక్షల్లో ఉన్నారు. తవ్వకానికి గడువు ఆనకట్ట నుంచే వచ్చింది. నివేదికకు మాత్రం ఎదురుచూసినవారు కొద్దిమంది పండితులు. పథకం మూసివేయగానే బృందం చెదిరింది, ఒక్కొక్కరు వేరే తవ్వకాలకు, వేరే బాధ్యతలకు వెళ్లారు, నోటుపుస్తకాలు రాసినవారి జ్ఞాపకం తోడులేకుండా తరువాతివారి చేతికి వచ్చాయి. ఇది నాగార్జునకొండకే పరిమితమైన లోపం కాదు. తవ్వకం ఖర్చుకు పద్దు ఉండి, ప్రచురణకు పద్దు లేని ప్రతిచోటా ఇదే జరుగుతుంది.

కాబట్టి నాగార్జునకొండ అనుభవాన్ని తరలింపు విజయంగా మాత్రమే తలచడం సగం చదువు. భారీ నీటి పథకం వల్ల ఒక ప్రాచీన స్థలం మునిగేటప్పుడు, దానికి పరిహారంగా జరిగే పరిశోధన నీరు చేరిన రోజుతో ముగియదు. పటాలు, జాబితాలు, అచ్చులు, మట్టి నమూనాలు, తుది సంపుటాలు అందరికీ అందుబాటులోకి వచ్చిన రోజుతో ముగుస్తుంది. ఆ రెండవ తేదీని కూడా ఆనకట్ట పనుల పట్టికలోనే చేర్చి, దానికి కావలసిన ధనాన్ని పథకపు అంచనా వ్యయంలోనే కేటాయించినప్పుడు మూడు విద్యలకూ సమాన ప్రతిపత్తి దక్కుతుంది. విజయపురి విషయంలో ఆ ఏర్పాటు లేకపోయినా, 1950లలో వేసిన స్థల సంఖ్యలు, గీసిన చతురస్రాలు, తీసిన అచ్చులు పొందికగా ఉండబట్టి, దశాబ్దాల తరువాత వచ్చిన పండితులు కూడా వాటిపై ఆధారపడి కొత్త నిర్ణయాలు చేయగలుగుతున్నారు. ఆ పొందిక లేని తవ్వకానికి ఎంత ఆలస్యంగానైనా అటువంటి రెండవ అవకాశం రాదు.